ఎడమ చేటలో కాయ

ఏడేళ్ళుగా ఒక ఎండుమిరపకాయను మోస్తున్నాను. నవ్వొస్తోందా? నవ్వండి. తూకం వేస్తే ముల్లు కూడా కదలదు. దాన్ని ఒక చేటలోంచి తీసి పక్క చేటలో వేశాను. నేను చేసిన పని మొత్తం అంతే. చెయ్యి జానెడు దూరం కదిలింది. ఆ జానెడూ వెనక్కి రావడం మాత్రం ఇన్నేళ్ళలో నా వల్ల కాలేదు.

నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళతో చెప్పాలని నోటిదాకా తెచ్చుకున్న రోజులున్నాయి. మా ఆయనతో ఒకసారి మొదలుపెట్టాను కూడా. "మస్తానమ్మక్క సంగతి..." అన్నానో లేదో, "పాపం, ఆవిడకి నువ్వు చేసినంత ఎవరు చేస్తారే" అన్నాడు. ఇంకేం చెప్పను? మజ్జిగ పోశాను.

మాది చిలకలూరిపేటకి దగ్గర్లో ఒక ఊరు. నాది చిన్న వ్యాపారం. సరుకు అమ్మేది కాదు, మాట చెప్పేది. రైతు కల్లంలో మిరపకాయలు ఆరబోస్తాడు. ధర లేకపోతే వాటిని కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. మా వైపు దాన్ని అందరూ ఏసీ అంటారు. కాయలో నెమ్ము ఉండగా ఏసీకి వెళ్ళిందంటే లోపల బూజు పడుతుంది, పక్క కాయలకి పాకుతుంది, బస్తా విప్పేనాటికి ముక్కు మూసుకోవాలి. అందుకని ముందే కల్లానికి వెళ్ళి, కాయ చూసి, "ఆరింది, ఎక్కించుకో" అనో, "ఇంకో రెండెండలు కాయనివ్వు" అనో చెప్పాలి. ఏడాది కష్టం ఆ ఒక్క మాట మీద ఉంటుంది. అది చెప్పినందుకు మాకు రుసుము.

ఆ మాట చెప్పేది నేను కాదు, మస్తానమ్మక్క. నేను ఫోన్లు ఎత్తేదాన్ని, ఆటో మాట్లాడేదాన్ని, బోర్డు రాయించేదాన్ని. తెలివి నాది, విద్య ఆవిడది. పదేళ్ళప్పటి నుంచీ రంగు పోయిన తాలుకాయలు ఏరే కూలికి వెళ్ళిన మనిషి. కల్లంలో కాయల కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, కుప్ప కడుపులోంచి ఒక కాయ తీసి, కుడి చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని రెండుసార్లు ఆడించేది. ఎండిన కాయలో గింజలు గలగలమంటాయి. నెమ్ము ఉంటే గింజ తొడిమ దగ్గర అంటుకుపోయి పలకదు. "గింజే చెప్పుద్దమ్మాయ్, నాదేముంది" అనేది.

ఆవిడ కాయ చెవి దగ్గర పెట్టుకుందంటే కల్లం అంతా నిశ్శబ్దమైపోయేది. ఎవరూ చెప్పక్కర్లేదు. రైతు బండి ఇంజను ఆపేసేవాడు. ఏరే ఆడవాళ్ళు కబుర్లు ఆపేవాళ్ళు. పాలేరు దగ్గు వస్తే కండువా నోటికి అడ్డం పెట్టుకునేవాడు. ఆవిడ కళ్ళు తెరిచేదాకా ఎవరూ కదిలేవాళ్ళు కాదు. ఆ నిశ్శబ్దం మా వ్యాపారానికి పునాది అని నాకు అప్పుడు తెలియదు. తెలిస్తే ఆవిణ్ణి ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్ళేదాన్నా? వెళ్ళేదాన్నేమో. ఆ రోజుల్లో నాకు ఆశ ఎక్కువ.

గుంటూరులో వ్యవసాయ ప్రదర్శన పెడితే మొదటిసారి ఒక స్టాలు తీసుకున్నాను. ఫ్లెక్సీ కొట్టించాను, కరపత్రాలు వేయించాను, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల. సరుకున్న స్టాళ్ళకి జనం వస్తారు, ముట్టుకుంటారు, ట్రాక్టరెక్కి ఫొటో దిగుతారు. మాట అమ్మేవాళ్ళ దగ్గర ముట్టుకోవడానికి ఏముంటుంది? "ఫ్రీగా ఏమిస్తన్నారండీ?" అని అడిగారు, ఏమీ లేదంటే వెళ్ళిపోయారు. మూడు రోజులు నిలబడీ నిలబడీ కాళ్ళు వాచిపోయాయి. చివరి రోజు బయటికొచ్చి చూస్తే బజ్జీల బండి దగ్గర జనం మా కరపత్రాలతో చేతుల నూనె తుడుచుకుంటున్నారు. ఏడుపొచ్చింది.

మరుసటేడు పట్టుదలగా వెళ్ళాను. అప్పటికి ఒక మీటరు కొన్నాను. కాయకి దాని పిన్ను గుచ్చితే ఎండింది అయితే పచ్చ లైటు, నెమ్ము ఉంటే ఎర్ర లైటు. నా లెక్క ఏంటంటే, మస్తానమ్మక్క ఒక్కతే. మీటర్లు ఎన్నయినా కొనొచ్చు. ఊరికొక అమ్మాయిని పెట్టి, చేతికొక మీటరిచ్చి పంపితే రెండు జిల్లాలూ తిరగొచ్చు. కానీ మీటరు మాట ఎవరు నమ్ముతారు? మస్తానమ్మక్క చెవితో సమానమని తేలితే నమ్ముతారు. అందుకని పోటీ పెట్టాను. చెవికీ మీటరుకీ పందెం అని పెద్దక్షరాలతో రాయించాను. ఎవరైనా కాయ తేవొచ్చు. ముందు నేను పిన్ను గుచ్చుతాను. తర్వాత ఆవిడ లైటు చూడకుండా కాయ ఆడించి, ఎండిందైతే కుడి చేటలో, నెమ్ముదైతే ఎడమ చేటలో వేస్తుంది. రెండూ కలిశాయా లేదా నేను మైకులో చెబుతాను. ప్రతి పందేనికీ చేటలు ఖాళీ చేసి పెడతాను.

"ఈ గోలలో ఏం వినపడుద్దమ్మాయ్, కల్లం అనుకున్నావా ఇది?" అంది మొదటి రోజు. ఒక పక్క స్ప్రేయర్లవాడి మైకు, ఇంకో పక్క పశువుల దాణావాళ్ళ లక్కీ డిప్. సర్దుకోక్కా అన్నాను. సర్దుకుంది. కొంగు నెత్తిన కప్పుకుని, ఎడమ చెవి అరచేత్తో మూసుకుని, మొహం స్టాలు వెనకున్న గుడ్డ తెర వైపు తిప్పుకుని కాయ ఆడించేది. రెండు రోజులూ ఒక్కటి తప్పలేదండీ. మీటరుతో కలిసింది కాబట్టి అనడం కాదు, జనం ఎదురుగానే కాయ విరిచి చూసుకునేవాళ్ళు. ఈలలు వేశారు, సెల్ఫీలు దిగారు. మాకు ఆ వరసలో ఎవరికీ రానంత జనం. సాయంత్రానికి ఆవిడ తల పట్టుకుని కూర్చునేది. నేను టీ తెప్పించి, ఇంకొక్క రోజేగా అక్కా అనేదాన్ని.

మూడో రోజు మధ్యాహ్నం ఒక పెద్దమనిషి వచ్చాడు. ఏసీ నడుపుతాడు. వెంట నలుగురైదుగురు ఉన్నారు. మీటరు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "ఇది ఆవిడతో సమానంగా చెప్తే, మా దగ్గరికొచ్చే ప్రతి రైతునీ నీ దగ్గరికే పంపుతానమ్మా" అన్నాడు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో నాకిప్పటికీ గుర్తు. సరిగ్గా అప్పుడే జనంలోంచి ఒకాయన ముందుకొచ్చాడు. సన్నగా, నెరిసిన గడ్డం, చేతిలో ప్లాస్టిక్ కవరు. పొదిలి వైపు నుంచట. వెంకటేశ్వర్లు అని మా సందర్శకుల పుస్తకంలో పేరూ ఫోన్ నంబరూ రాశాడు. "ఇయ్యి మా కల్లంలోయమ్మా. లారీ మాట్లాడుకున్నా. రేపు ఏసీకి ఎక్కించమంటారా?" అని అడిగాడు.

కవర్లోంచి ఒక కాయ తీసి నడిమికి పిన్ను గుచ్చాను. పచ్చ లైటు. పెద్దమనిషి తల ఊపాడు. కాయ మస్తానమ్మక్కకి ఇచ్చాను. ఆడించింది. మళ్ళీ ఆడించింది. మూడోసారి ఆడించింది. మూడుసార్లు ఆడించడం నేనెప్పుడూ చూడలేదు. తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కింది. తర్వాత ఎడమ చేటలో వేసింది. ఘాటుకి కళ్ళు మండుతున్నాయేమో, అటు తిరిగి వంగి, నీళ్ళ సీసా తీసుకుని కళ్ళు కడుక్కుంటోంది.

ఆ క్షణంలో ఎవరూ చేటల వైపు చూడటం లేదు. పెద్దమనిషి మీటరు చూస్తున్నాడు. వెంకటేశ్వర్లు గారు కూడా పచ్చ లైటే చూస్తున్నాడు. పక్క స్టాల్లో ఎవరికో బహుమతి తగిలిందని గోల. నా చెయ్యి వెళ్ళింది. ఎడమ చేటలో కాయ తీసింది. కుడి చేటలో వేసింది. ఆ చెయ్యి నాదే. వెళ్ళింది, తీసింది అని ఎవరో పరాయివాళ్ళ సంగతి చెప్పినట్టు చెబుతున్నాను చూశారా? ఇన్నేళ్ళ తర్వాత కూడా. నేను తీశాను. నేను వేశాను. మైకు తీసుకుని "చెవీ మీటరూ ఒకే మాట! ఆరిపోయిందండీ!" అని అరిచాను. చప్పట్లు.

మస్తానమ్మక్క కొంగుతో మొహం తుడుచుకుంటూ ఇటు తిరిగింది. చేటల వైపు చూసింది. తర్వాత తన చెయ్యి చూసుకుంది. ఆవిడ ఏమైనా అనేలోపే, ఎవరైనా ఆ కాయ విరిచి చూసేలోపే, చేట ఖాళీ చేసి ఇంకో రైతు కవరు విప్పాను.

అది తొందరపాటు అనుకుందాం. ఆశ కళ్ళు మూసేసిందని అనుకుందాం. అలాగే అనుకుని నన్ను నేను ఓదార్చుకోవచ్చు. కానీ పుస్తకం ఉంది. అందులో ఆయన నంబరు ఉంది. జనం తగ్గాక చెబుదాంలే, ఇంకో రెండెండలు కాయనివ్వండి అంటే సరిపోతుంది అని ఆ సాయంత్రం స్టాలు సర్దుతూ అనుకున్నాను. మర్నాడు పొద్దున చేశాను కూడా. నా ఫోన్లోంచి కాదు, మా ఆయన ఫోన్లోంచి. ఎందుకు? అప్పుడే తప్పించుకునే దారి చూసుకున్నానన్నమాట. "ఎవరండీ?" అన్నాడు. ఆయన గొంతు వెనక లారీ ఇంజను వినపడింది. బస్తాలెక్కించేవాళ్ళ కేకలు వినపడ్డాయి. ఒక్క మాట చాలు. ఆపండి అంటే చాలు. ఆపితే ఎందుకని అడుగుతాడు, నిన్న ఎండిందని మైకులో చెప్పారుగా అంటాడు, అది పెద్దమనిషి దాకా వెళుతుంది. ఇదంతా ఒక్క రెప్పపాటులో ఆలోచించాను. "రాంగ్ నంబరండీ" అని పెట్టేశాను.

చెయ్యి చేసింది తప్పు అయితే, నోరు చేసింది ఏంటి? నాకిప్పటికీ పేరు దొరకలేదు.

వానలు మొదలయ్యాక ఒక రోజు వెంకటేశ్వర్లు గారు మేం ఆఫీసుగా వాడుకునే షెడ్డుకి వచ్చాడు. తువ్వాల్లో గుప్పెడు కాయలు కట్టుకొచ్చి నా బల్ల మీద పోశాడు. లోపల బూడిదరంగు బూజు, నల్లబడిన తోలు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. మస్తానమ్మక్క వైపు తిరిగి, "మిషన్లు గిషన్లు నాకు తెలవదమ్మా. నీ చెవి మీద నమ్మకంతో ఎక్కించా" అన్నాడు. ఆవిడ ఒక కాయ తీసి వాసన చూసి నెమ్మదిగా కింద పెట్టింది. ఆయన తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడూ కనపడలేదు. మరుసటేడు మిర్చి జోలికి పోలేదని, కంది వేశాడని ఎవరో చెప్పారు.

షెడ్డులో మేమిద్దరమే మిగిలాం.

"అమ్మాయ్" అంది.

"ఏంటక్కా."

"ఆ రోజు పొదిలాయన కాయ నేను ఎడమ చేటలో వేశాననుకున్నా. చెయ్యి ఎడమకే పోయినట్టు గుర్తు. ఇన్నాళ్ళూ అదే తొలుస్తా ఉంది. నువ్వు పక్కనే ఉన్నావు గదా. ఎందులో వేశా?"

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. ఎవరూ లేరు. బయట వాన. ఆవిడ నన్ను అనుమానించడం లేదు, తెలుసుకోవాలని అడుగుతోంది. ఆవిడ కళ్ళు నా మొహం మీదున్నాయి. నేను ఏం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా ఉన్నాయి.

"కుడి చేటలోనే వేశావక్కా" అన్నాను.

"నువ్వు చూశావా?"

"చూశాను."

"అయితే నా చెవేలే" అంది. చెవి ఒకసారి తడుముకుంది. స్టీలు టిఫిను డబ్బా తీసుకుని, వాన తగ్గకముందే వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. నేను వెళ్ళి పిలిస్తే, "వద్దులే అమ్మాయ్, ఇంకోళ్ళ కొంప ముంచుతానేమో" అంది. ముంచింది నేనైతే ఆ మాట ఆవిడ అంది. నేను గట్టిగా బతిమాలలేదు. నిజం చెప్పాలంటే, ఆవిడ రానందుకు లోపలెక్కడో తేలికపడ్డాను. రోజూ ఆ మొహం చూడక్కర్లేదు కదా. ఛీ.

ఆ తర్వాత జరిగిందంతా మంచితనం పేరుతోనే జరిగింది. మస్తానమ్మ చెవి పోయిందటగా అని నాలుగూళ్ళలో పాకింది. కొడుకు ఆటోలో గుంటూరు తీసుకెళ్ళి పరీక్ష చేయించాడు. వయసుకి తగ్గట్టు కొంచెం తగ్గింది, అంతే, ఫరవాలేదు అన్నాడట డాక్టరు. వీళ్ళు "తగ్గింది" అన్న ముక్క పట్టుకుని ఇంటికొచ్చారు. నేనేం చేశానో తెలుసా? చెవి మెషిను కొనిచ్చాను. మంచిది, ఖరీదైనది. బాగా వినపడే మనిషికి చెవి మెషిను కొనిచ్చి, నా చేత్తో పెట్టి, "ఇప్పుడెలా ఉందక్కా?" అని గట్టిగా అడిగాను. ఆవిడ ఉలిక్కిపడింది. "గోలగా ఉందమ్మాయ్, అచ్చం ఆ ఎగ్జిబిషన్ మాదిరే" అంది. అలవాటవుతుందిలే అన్నాను. వీధిలో వాళ్ళు "ఎంత మంచిదానివమ్మా" అన్నారు. నేను కాదనలేదు.

అప్పటి నుంచీ ఆవిడతో అందరూ గొంతు పెంచే మాట్లాడతారు. కోడలు అరుస్తుంది, కూరలబండివాడు అరుస్తాడు, నేనూ అరుస్తాను. తెలిసి అరిచేదాన్ని నేనొక్కదాన్నే.

వ్యాపారం పెరిగింది. ఇప్పుడు మీటర్లున్నాయి, అమ్మాయిలున్నారు. నడిమికి గుచ్చితే సరిపోదని, తొడిమ దగ్గర గుచ్చాలని మీటరు అమ్మినవాడే తర్వాత చెప్పాడు. మస్తానమ్మక్క బొటనవేలితో నొక్కిన చోటే. ఒంగోలులో, చీరాలలో, ఎక్కడ ప్రదర్శన పెట్టినా మా స్టాలు ఉంటుంది. ఫ్లెక్సీ మీద ఆవిడ ఫొటో ఇంకా ఉంది, కాయ చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నది. జనానికి ఆ ఫొటో నచ్చుతుంది. తీసేద్దామని ప్రతిసారీ అనుకుంటాను. తీస్తే ఎందుకు తీశావని ఎవరైనా అడుగుతారేమోనని ఉంచేస్తాను. మూడు రోజులూ దాని కిందే నిలబడి కరపత్రాలు పంచుతాను. అలిసిపోయానండీ. కాళ్ళు కాదు.

వెంకటేశ్వర్లు గారికి చేసింది తక్కువ అన్యాయమా? ఆయన పంట పోయింది. కానీ నిద్రలో నాకు ఆయన రాడు. ఈవిడే వస్తుంది. ఎందుకో ఆలోచించాను. ఆయన నన్నో, ఆవిడనో, ఏసీవాణ్ణో, ఎవరో ఒకర్ని తిట్టుకునుంటాడు. ఈవిడ తిట్టుకోవడానికి తన చెవి తప్ప నేను వేరే ఏమీ మిగల్చలేదు. అయినా ఇదీ నా సౌకర్యం కోసం చెప్పుకునే మాటేనేమో. ఆయన ఇల్లు ఎక్కడో కనుక్కోవడానికి నేను ఒక్క అడుగైనా వేశానా? వేయలేదు.

పోయిన నెల మస్తానమ్మక్క ఇంటికి వెళ్ళాను. డాబా మీద ఏడాదికి సరిపడా కారం కోసం మిరపకాయలు ఆరబోశారు. కోడలు డబ్బాలోకి ఎత్తుతోంది. ఆవిడ పీట మీద కూర్చుని ఉంది. మెషిను పెట్టుకోలేదు. ఏమనుకుందో, ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాను. రెండుసార్లు ఆడించింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు కళ్ళు తెరిచి, కాయ కోడలికిచ్చి, "నువ్వు చూడమ్మా" అంది. కోడలు పిల్ల ఉత్తినే ఒకసారి ఊపి, "ఎండింది అత్తమ్మా!" అని అరిచి డబ్బాలో పడేసి, కిందికి నీళ్ళకి వెళ్ళింది.

మస్తానమ్మక్క డబ్బా వైపు చూసింది. మెల్లగా చెయ్యి పెట్టి, పైనున్న ఆ కాయ తీసి, విడిగా ఎండలో పెట్టింది. నేను చూస్తున్నానని తెలిసి సిగ్గుపడినట్టు నవ్వింది. "ముసలి చాదస్తంలే అమ్మాయ్" అంది.

వచ్చేటప్పుడు ఆవిడ చూడకుండా ఆ కాయ తీసుకుని గుప్పిట్లో పెట్టుకున్నాను. మళ్ళీ దొంగచేత్తోనే, చూడండి. సందు మలుపు తిరిగాక విరిచాను. తొడిమ దగ్గర నాలుగు గింజలు, మెత్తగా, తోలుకి అంటుకుని ఉన్నాయి.

రోడ్డు మీద నిలబడి ఏడ్చాను. వెనక్కి వెళ్ళి చెప్పొచ్చు. పాతిక అడుగులు కూడా లేవు. వెళ్ళలేదు. రేపు వెళతానా? వెళతానని మీకు మాటిచ్చి ఇంకో అబద్ధం మూట కట్టుకోను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆవిడ చేతిలో ఉంది, ఆవిణ్ణి అడిగే మొహం నాకు లేదు. కానీ ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆ మాట ఉన్నదున్నట్టు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. అందుకని ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే కొంచెం ఊపిరి ఆడుతోంది.

ఆ కాయ నెమ్ముదే. మస్తానమ్మక్క దాన్ని ఎడమ చేటలోనే వేసింది. నేను చూశాను.